శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ: కలంకారీకి మరల ప్రాణము పోసిన మహనీయురాలు

మన మహాసభ జరుగు ఈ అల్వాలు మీదుగా సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజబాట కలదు. ఆ బాటను ఉత్తరముగా సాగి, సిద్దిపేట సీమలోని చేర్యాలకు మరలినవారికి నకాషీ చిత్రకారుల యిండ్లు కానవచ్చును. ఖాదీగుడ్డకు గంజియు సుద్దమట్టియు చింతగింజల జిగురును పట్టించి, ఎఱ్ఱని నేలమీద పురాణగాథలను వరుసవరుసగా చిత్రించుట వారి వృత్తి. ఆ పటములను చుట్టలుగా చుట్టి భుజమున వేసికొని, ఊరూర విప్పి కథ చెప్పువారు వేఱు. ముదిరాజులకు కాకిపడగలవారును, గౌడులకు గౌడజెట్టివారును, పద్మశాలీలకు కూనపులివారును, గొల్లలకు మందహెచ్చులవారును, మాదిగలకు డక్కలివారును ఇట్లు కులపురాణములను వినిపించుచు వచ్చిరి.

ఇందొక విశేషము గమనింపదగినది. ఒక కులపు పుట్టుక కథను చిత్రించిన చేయి మఱియొక కులమువారిది. దానిని పాడిన గొంతు వేఱొక కులమువారిది. విని దక్షిణ యిచ్చినవారు ఇంకొకరు. మన తాతలు తమ పూర్వుల మహిమను తామొంటరిగా కాపాడుకొనలేదు. పదుగురి చేతులమీదుగా ఆ కథ మనవఱకు వచ్చినది. ఆ చేతులలో ఏ యొకటి నిలిచిపోయినను కథయు నిలిచిపోవును. ఈ సత్యమును దేశమంతటను గ్రహించి, చేతిపనివారి కొఱకు తన జీవితములో చివరి నలుబదియేండ్లను ధారపోసిన స్త్రీ శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆమె కృషికి తెలుగునేలమీద నిలిచిన గొప్ప సాక్ష్యము శ్రీకాళహస్తి కలంకారీ. కాబట్టి ఆమె చరిత్రమును ఈ సంచికలో మన సోదరీసోదరుల కందించుట యుచితమని తలంచితిమి.

జననము, బాల్యము

కమలాదేవిగారు 1903వ సంవత్సరము ఏప్రిలు 3వ తేదీన, నాటి మద్రాసు రాజధానిలో చేరిన మంగుళూరునందు సారస్వత బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి అనంతయ్య ధారేశ్వరుగారు ప్రభుత్వోద్యోగి. తల్లి గిరిజాబాయిగారు చదువుకొన్నది, స్వతంత్రబుద్ధి గలది. దేశోద్ధారకులును సంస్కర్తలును ఆ యింటికి వచ్చిపోవుచుండుటచే పెద్దల సంభాషణములు బాలిక చెవిని పడుచుండెను.

ఆమెకు ఏడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. ఆయన మరణశాసనము వ్రాయకపోవుటచే, నాటి చట్టము ననుసరించి ఆస్తి యంతయు సవతికొడుకునకు సంక్రమించెను. తల్లికి కొలదిపాటి మనోవర్తి మాత్రమే దక్కెను. గిరిజాబాయిగారు ఆ మనోవర్తిని నిరాకరించి, తన పుట్టింటివారిచ్చిన ధనముతోనే బిడ్డలను పెంచిరి. నిన్నటివఱకు తమదైన యిల్లు నేడు పరులదగుట యెట్టిదో ఆ పసిపిల్ల కన్నులార చూచెను. ఆస్తి లేనివారికి గౌరవమెట్లు నిలుచునను ప్రశ్న ఆమెను జన్మాంతము వెన్నాడినది. స్త్రీల పక్షమున పోరాడినప్పుడును, చేతిపనివారి పక్షమున నిలిచినప్పుడును ఆమె మనస్సులో మెదలినది ఆ ప్రశ్నయే యని చెప్పవచ్చును.

కేరళదేశపు ప్రాచీన సంస్కృత నాటకకళయైన కూడియాట్టమునందు ప్రసిద్ధుడైన మాణి మాధవ చాక్యారు నొద్ద ఆమె అభినయము నభ్యసించిరి. గురువు నెదుట కూర్చుండి, కన్నును చేతిని గమనించుచు విద్య నేర్చుకొనుట యెట్టిదో ఆమెకు పుస్తకములవలన గాక స్వానుభవమువలన తెలియుట కిది కారణమైనది.

వివాహములు, హైదరాబాదు సంబంధము

1917లో, పదునాలుగవ యేట ఆమెకు వివాహమైనది. రెండేండ్లయినను నిండక భర్త గతించెను. వైధవ్యము పాలైన బాలికకు నాటి సంఘము విధించు కట్టుబాట్లకు ఆమె లోబడలేదు. మద్రాసు చేరి క్వీన్ మేరీస్ కళాశాలలో చదువు సాగించిరి. అచ్చట సహాధ్యాయినియైన సుహాసినీ చట్టోపాధ్యాయ మూలమున ఆమెకు కవియు నటుడు నగు హరీంద్రనాథ చట్టోపాధ్యాయునితో పరిచయము కలిగినది.

ఈ హరీంద్రనాథుడు హైదరాబాదునందే పుట్టిపెరిగినవాడు. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయగారు నిజాము రాజ్యమున ఆంగ్లవిద్యకు పునాదులు వేసిన ఆచార్యుడు. అక్కగారు సరోజినీ నాయుడు. వితంతువైన బ్రాహ్మణయువతి పరభాషీయుడైన వంగీయుని పెండ్లాడుటను పెక్కురు నిందించిరి. ఆమె ఆ నిందను లెక్కచేయలేదు. ఈ విధముగా కమలాదేవిగారు మన నగరమునకు కోడలైరి. దంపతులకు రామకృష్ణుడను కుమారుడు కలిగెను. తరువాతి కాలమున ఆ దాంపత్యము నిలువక వారు వేఱైరి. అయినను నాటకరంగముపై ఆమెకు గల మక్కువ తగ్గలేదు. గౌరవకుటుంబముల స్త్రీలు నటించుట తప్పుగా నెంచు ఆ దినములలో ఆమె రంగస్థలముపైనను చలనచిత్రమునందును నటించిరి.

దేశసేవ

ఆమె ఇంగ్లండునందు చదువుకొనుచుండగా గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమ వార్తలు చేరెను. 1923లో స్వదేశమునకు మరలివచ్చి సేవాదళమున చేరిరి. 1926లో మద్రాసు శాసనసభకు అభ్యర్థినిగా నిలిచి, మన దేశమున శాసనసభకు పోటీచేసిన మొదటి స్త్రీగా పేరొందిరి. స్వల్పమైన తేడాతో ఓడిపోయినను స్త్రీల కొక త్రోవ తెఱచిరి. 1927లో ఏర్పడిన అఖిలభారత మహిళాసభకు కార్యదర్శినిగా దేశమంతట తిరిగిరి.

1930లో ఉప్పు సత్యాగ్రహ మారంభమైనప్పుడు, అందు స్త్రీలకును పాలు కల్పింపవలెనని ఆమె మహాత్మునితో వాదించి ఒప్పించిరి. బొంబాయిలో ఉప్పు తయారుచేసి, పెద్ద వర్తకుల బేరములు సాగు షేరుబజారులోనే దానిని విక్రయించి చెఱసాల పాలైరి. ఆ పిదపను పలుమారులు కారాగారవాస మనుభవించిరి. 1936లో మీరటునందు జరిగిన కాంగ్రెసు సోషలిస్టు మహాసభకు అధ్యక్షత వహించిరి.

1947లో స్వాతంత్ర్యము వచ్చినది. దానితోడనే దేశవిభజనమును వచ్చినది. ఆమె తోడి నాయకులు పెక్కురు ప్రభుత్వపదవులలో ప్రవేశించుచుండగా, ఆమె 1948లో భారత సహకార సంఘమును స్థాపించి కాందిశీకుల సేవకు పూనుకొనిరి. ఢిల్లీ చేరువ ఫరీదాబాదునందు సరిహద్దు రాష్ట్రమునుండి వచ్చిన వేలకొలది నిరాశ్రయులకు పట్టణము నిర్మించు కార్యమున ఆ సంఘము పాల్గొనెను. ఇల్లును పొలమును ఊరును పోగొట్టుకొన్నవానికి మిగులునది యేమి? చేతనున్న పని యొక్కటే. ఎవరును లాగుకొనలేని ఆస్తి అదియే. ఈ పాఠమే ఆమెను చేతిపనులవైపు పూర్తిగా మరల్చినది.

చేతిపనుల పునరుద్ధరణము

1952లో భారత ప్రభుత్వము అఖిలభారత హస్తకళల మండలిని నెలకొల్పి, దాని పగ్గములను కమలాదేవిగారి కప్పగించెను. నాటికి వందలయేండ్ల పేరుగల పనులు పెక్కు కొనయూపిరితో నుండెను. ఆమె కచేరీలో కూర్చుండి కాగితములమీద సంతకములు చేయుటతో తృప్తినొందక, కుగ్రామములకు పోయి కుమ్మరి చక్రము నొద్దను, అద్దకపువాని తొట్టి నొద్దను, చిత్రకారుని పీట నొద్దను కూర్చుండి వారి కష్టసుఖములు విచారించుచుండెడివారు.

ఆ విచారణలో ఆమెకు తేలిన విషయము లివి. పనివానికి కావలసినది జాలి గాక కొనువాడు. కొనువాడున్నను, పని నేర్చినవాడు లేకున్న ఫలము లేదు. నేర్చినవాడున్నను, తన కొడుకునకు ఆ పని నేర్పుట అవమానమని వాడు తలంచినచో అదియు నిష్ఫలమే. కాబట్టి అంగడి, బడి, గౌరవము అను మూడింటిని ఏకకాలమున కూర్పవలెను. అంగడి కొఱకు ఢిల్లీలోని కుటీరపరిశ్రమల విక్రయశాల వృద్ధిపొందెను. గౌరవము కొఱకు 1965 మొదలుకొని ఆరితేరిన పనివారికి జాతీయ పురస్కారము లిచ్చుట ఆరంభమాయెను. 1964లో ఆమె భారత హస్తకళా పరిషత్తును స్థాపించిరి; అదే సంవత్సరమున ప్రపంచ హస్తకళా పరిషత్తు స్థాపనమునందును ముఖ్యపాత్ర వహించిరి. ఇక బడి విషయమున ఆమె చేసిన పనిని తెలిసికొనుటకు మనము కాళహస్తికి పోవలెను.

కాళహస్తి కలము

స్వర్ణముఖీ తీరమునగల శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రముగా జగత్ప్రసిద్ధము. ఆ పట్టణమున గుడ్డమీద కలముతో పురాణగాథలను చిత్రించువారు తరతరములుగా నుండిరి. మచిలీపట్టణము చెంత సాగిన అద్దకపుపని ప్రధానముగా చెక్క అచ్చులతో చేయబడి పారసీకదేశములకు ఎగుమతియైనది. కాళహస్తి పని సంపూర్ణముగా చేతిగీత; దేవాలయముల తెరలకును రథముల యలంకారమునకును ఉద్దేశింపబడినది. నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకమో గీతోపదేశమో నిలిపి, చుట్టును చిన్న గడులలో కథను వరుసగా నడిపి, వాని క్రింద తెలుగు లిపిలో వివరణము వ్రాయుట దాని లక్షణము. చదువు వచ్చినవాడు చదువుకొనును. రానివాడు చూచి గ్రహించును.

ఆ పని యెంత యోర్పుతో కూడినదో తెలిసిననే దాని ప్రమాదస్థితియు తెలియును. కోరాగుడ్డను ఉతికి, పేడనీట నానవేసి, ఎండలో తెల్లపఱతురు. పిదప కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరవేయుదురు. కరక్కాయ వగరు రంగును పట్టియుంచును. పాల జిడ్డు రంగును ప్రాకనీయదు. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో తొలిగీత గీతురు. కలమనగా సన్నగా చెక్కిన వెదురుపుల్ల. దాని కొసకు కొంత పైగా ఉన్నిగుడ్డను చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్టను వ్రేళ్ళతో ఒత్తిన కొలది ద్రవము కొసకు దిగును. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట నానవేసి కొన్ని దినములు పులియనిచ్చిన ద్రవమునకు కసిమి యని పేరు. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నలుపెక్కును. ఒకసారి పడిన గీతను తుడుచుటకు వీలులేదు.

ఎఱుపు కావలసిన తావుల పటికనీటిని పూసి, ఆరనిచ్చి, పాఱు నీట కడిగి, చిరివేరు మొదలగు వేళ్ళును చెక్కలును వేసిన కాగులో ఉడికింతురు. పటిక పడిన చోట మాత్రమే ఎఱుపు నిలుచును. నిలిచిన నీట కడిగినచో పటిక ప్రాకి బొమ్మ చెడును. కనుకనే నది లేనిదే ఈ పని లేదు. కరకపువ్వు పసుపునిచ్చును; నీలిమందు నీలమునిచ్చును; ఒకదానిపై నొకటి పడిన ఆకుపచ్చ కలుగును. ఎన్ని దినములు నానవలెను, కాగు ఎంత వేడెక్కవలెను, కసిమి ఎప్పుడు పండినదని యెఱుగుట యెట్లు అనునవి కంటికిని ముక్కునకును వ్రేళ్ళకును తెలియవలసిన సంగతులు. గురువు ప్రక్కన యేండ్లతరబడి కూర్చుండి నేర్చుకొనుటకంటె మార్గాంతరము లేదు.

ఇట్టి విద్యకు దుర్దశ పలువిధముల దాపురించెను. కోరమాండలు తీరపు రంగుగుడ్డలకు ఐరోపాలో కలిగిన గిరాకిని జూచి అచ్చటి నేతగాండ్రు ఆందోళన చేయగా, 1721లో ఇంగ్లండు ప్రభుత్వము అద్దకపు నూలుగుడ్డల వాడుకనే నిషేధించెను. పిదప మిల్లుగుడ్డ వచ్చినది. 1869లో చిరివేరునందును మంజిష్ఠయందును గల ఎఱుపును రసాయనశాలలో తయారుచేయు మార్గము కనుగొనబడుటతో వేరు త్రవ్వువాని బ్రతుకును చెడినది. ఇంటిలో ఆలయములకును జమీందారులకును స్థోమత తగ్గుటచే తెరలు వ్రాయించువారు కఱవైరి. లండనునందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో మన పూర్వులు వ్రాసిన గుడ్డలు నేటికిని భద్రముగా నున్నవి. ఆ గుడ్డను వ్రాయగల చేతులు మాత్రము కాళహస్తిలో వ్రేళ్ళమీద లెక్కింపదగినంతకు దిగిపోయెను.

ఇట్టి తరుణమున, 1950వ దశకపు ఉత్తరార్ధములో, కమలాదేవిగారి చొరవవలన శ్రీకాళహస్తియందు కలంకారీ శిక్షణకేంద్రము ఏర్పడినది. ఆ విద్యయం దారితేరిన శ్రీ జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అందు గురుస్థానము నలంకరించిరి. ఇది చూచుటకు చిన్న సంగతివలె కనబడును. తఱచి చూచిన పెద్ద మార్పు. అంతవఱకు కలము తండ్రినుండి కొడుకునకు సంక్రమించు ఇంటిసొత్తు. చేతిపని కుటుంబములలో రంగుల పాకమును పరులకు చెప్పకుండుటయు, కూతురు మఱియొక యింటికి పోవునది గనుక ఆమెకును చెప్పకుండుటయు మన దేశమున పలుచోట్ల కనబడు ఆచారము. ఆ గోప్యమును మనము తేలికగా నిందింపరాదు. భూమియు ధనమును లేనివానికి ఆ రహస్యమే మాన్యము, ఆ రహస్యమే పెట్టుబడి. కాని కొనువారు తగ్గి, కొడుకులు వేఱు పనులకు పోయినప్పుడు, ఆ గోప్యమే విద్యకు సమాధి యగును. కాపాడుటకై వేసిన తాళము లోపలివానికే ఊపిరాడకుండ చేయును.

బడి వచ్చుటతో పాకములు నలుగురికి తెలిసినవి. వంశములో పుట్టని పిల్లలును కలము పట్టిరి. అందువలన పాతకుటుంబముల గౌరవము తగ్గినదా యనగా, తగ్గలేదు. లక్ష్మయ్యగారి కుమారులు శ్రీ గుఱ్ఱప్పశెట్టిగారు తండ్రి విద్యను వృద్ధిచేసి, దానినిగూర్చి గ్రంథములు వ్రాసి, 2008లో పద్మశ్రీ బిరుదము నందుకొనిరి. శిష్యులు పెరిగినకొలది గురువంశమునకు పేరు పెరిగినదే కాని తఱుగలేదు. నేడు కాళహస్తిలో స్త్రీలును అనేకులు కలము పట్టి కుటుంబములను పోషించుకొనుచున్నారు. శ్రీకాళహస్తి పేరిట ఆ కళకు భౌగోళిక గుర్తింపును లభించినది.

ఈ పునరుద్ధరణములో లోపములు లేవని చెప్పుట సత్యము కానేరదు. ఆలయపు తెరలకు బదులుగా చీరలును దుప్పట్లును గోడబొమ్మలును వచ్చినవి. త్వరకై రసాయనపు రంగులు చొచ్చుకొనివచ్చినవి. యంత్రముతో అచ్చువేసిన నకళ్ళు కలంకారీ పేరుతోనే చౌకగా అమ్ముడుపోవుచు, నిజమైన చిత్రకారుని కూటికి ఎసరు పెట్టుచున్నవి. కలము బ్రతికినది, కలము పట్టినవాని బ్రతుకు ఇంకను సుఖపడలేదు. కమలాదేవిగారు ఆరంభించిన పనిలో సగము మిగిలియున్నదనుట న్యాయము.

చివరి దినములు

ప్రభుత్వము ఆమెకు 1955లో పద్మభూషణమును, 1987లో పద్మవిభూషణమును సమర్పించెను. 1966లో రామన్ మెగసెసే పురస్కారమును, 1974లో సంగీత నాటక అకాడమీ సభ్యత్వగౌరవమును లభించెను. భారతదేశపు హస్తకళలనుగూర్చి గ్రంథములు రచించిరి. 1986లో స్వీయచరిత్రమును ప్రకటించిరి. 1988వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన, తన యెనుబదియైదవ యేట, బొంబాయియందు పరమపదించిరి.

ఆమెకు కులవృత్తి యనునది లేదు. కసిమి కాచిన యింట ఆమె పుట్టలేదు. కుంచెపట్టిన వంశమున పెరుగలేదు. అయినను దేశములోని చేతిపనివారు ఆమెను తమలో నొకతెగా భావించిరి. తమ పనిని చూచువారు అనేకులుండగా, తమను చూచినది ఆమె గనుక.

ముగింపు

అల్వాలునుండి చేర్యాలకు పోవు బాటను మొదట తలచితిమి గదా. అచ్చటి నకాషీవారు నేడును ఎఱ్ఱని నేలమీద బొమ్మలు వ్రాయుచున్నారు. కాని కులపురాణపు పటము వ్రాయించువారు అరుదైరి. మనలో ఎంతమంది యిండ్లలో తాతలనాటి పనిముట్టు అటకమీద పడియున్నదో, ఎన్ని పాకములు ముసలివారి నోటనే నిలిచియున్నవో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను. ఏటేట మనము సభలు జరుపుకొందుము. పూర్వుల ఘనతను కొనియాడుదుము. ఆ ఘనత పూర్వుల చేతిలో నుండెను. ఆ చేతిపనిని ఇంకొక చేతికి, అది మన యింటి చేయియైనను పరుల చేయియైనను, కొడుకు చేయియైనను కూతురు చేయియైనను, అందించినప్పుడే కొనియాడుట సార్థకమగును.

అట్టి కార్యమునకు కమలాదేవి చట్టోపాధ్యాయగారి పుణ్యచరితము మన యువతీయువకులకు మార్గదర్శక మగుగాక.